కృష్ణవిషాణ – కండూయన నియమం



కార్తిక సోమవారం, ప్రాతఃకాలం. గోదావరీ తీరంలోని ఒక గ్రామ శివాలయంలో రుద్రాభిషేకం జరుగుతున్నది. అర్చకుని కుడిచేతిలో క్షీరకలశం ఉంది. ధార లింగమూర్తి శిరస్సు మీద అవిచ్ఛిన్నంగా పడుతున్నది. నమకం ఎనిమిదవ అనువాకం దాటిన తరువాత ఆయన ఎడమచేతి వ్రేళ్ళు తమంతట తాముగా కుడి ముంజేతి మీదికి వెళ్ళి గోళ్ళతో గీరసాగాయి. మంత్రం ఆగలేదు కాని ధార చలించింది. క్షణకాలం పాలు పానవట్టం మీద పడ్డాయి.

ముందు వరుసలో కూర్చున్న దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వారి ఒడిలోని పసిపిల్ల "పంతులు తాతగారికి దురదేస్తోందమ్మా" అని అందరికీ వినబడేటట్లే అన్నది. అర్చకులు ఎడమచేతిని ప్రక్క పాత్రలో కడుగుకొని, కుడి చెవిని స్పృశించి, అభిషేకం కొనసాగించారు. హారతి అయ్యేవరకు ఎవరి ముఖమూ చూడలేదు. తీర్థం ఇచ్చేటప్పుడు ఉత్తరీయాన్ని ముంజేతి మీదికి లాగుకొని ఇచ్చారు.

ఆయనకు యాభైయేడు సంవత్సరాలు. ఎనిమిదవ ఏట ఉపనయనమైన వెంటనే వేదపాఠశాలలో చేరి, కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖను క్రమాంతం అధ్యయనం చేసినవారు. ముప్పదియేళ్ళుగా ఆ ఆలయంలో త్రికాలార్చన చేస్తున్నారు. ఆయన చేతులు దినంలో అధికభాగం నీటిలోనే ఉంటాయి. అభిషేకజలం, పాలు, తేనె, గంధం, విభూతి, బిల్వపత్రాలు కడిగే నీరు, పాత్రలు తోమిన చింతపండు పులుసు, మళ్ళీ నీరు. ఆషాఢంలో వ్రేళ్ళ సందులలో మొదలైన కండూతి శ్రావణానికి మణికట్టుకు, భాద్రపదానికి మోచేతికి ప్రాకింది. పగలు ఎట్లాగో ఓర్చుకునేవారు. రాత్రి నిద్రలో గోకుకొనగా, తెల్లవారేసరికి దుప్పటి మీద రక్తపు చారలు కనిపించేవి.

గృహిణి వేపాకు కాచిన నీళ్ళు పోసింది, పసుపు రాసింది. వైద్యుని దగ్గరకు వెళ్ళమని అనేకమార్లు చెప్పింది. ఆయన వెళ్ళలేదు. వైద్యశాలలో పదిమంది ముందు చొక్కా లేని చేతులు చాచి చూపించడానికి సిగ్గు ఒక కారణం. లోపల మరొక కారణం ఉంది. చర్మరోగాలు పూర్వజన్మ పాపఫలాలని చెప్పే కర్మవిపాక వచనాలు ఆయన బాల్యంలో విన్నారు. స్వామిని తాకే చేతికే ఈ వ్యాధి వచ్చిందంటే, ఆ చేతికి అర్హత పోయిందేమోననే శంక ఆయన హృదయంలో నాటుకొన్నది. ఎవరికీ చెప్పుకోలేని శంక అది.

ఆ సోమవారం తరువాత ఊరిలో మాటలు బయలుదేరాయి. కొందరు జాలిపడ్డారు. కొందరు, అంటువ్యాధి అయితే తీర్థం ఆ చేతితో పుచ్చుకోవచ్చునా అని సందేహించారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు, స్వామివారే ఊరుకుంటే మనకెందుకయ్యా" అని ఒక వృద్ధుడు వారిని మందలించాడట. సామెత ఆయన పక్షానే ఉన్నా, చెవిని పడినప్పుడు అర్చకులకు ఊరట కలగలేదు. కుమారునికి అర్చకత్వం అప్పగించి తాము గర్భగృహం వెలుపల పారాయణ చేసుకుంటూ ఉండిపోదామని నిశ్చయించుకున్నారు. కార్తికమాసం ముగిసే దినానికి ఆ మాట ఇంటిలో చెప్పాలనుకున్నారు.

ఆ మాసంలో ఆయనకు నిత్య పారాయణ నియమం ఉంది. సంహిత ఆరవ కాండ ప్రథమ ప్రశ్నంలోకి వచ్చారు. అది సోమయాగ దీక్షను గురించిన బ్రాహ్మణ భాగం. మూడవ అనువాకం చెబుతూ ఉండగా కృష్ణవిషాణ అనే పదం దగ్గర కంఠం ఆగింది. ఆ వెంటనే కండూయనాన్ని తెలిపే క్రియాపదం. ఆ పదాలను ఆయన కొన్ని వందలమార్లు ఉచ్చరించి ఉంటారు. సంహిత, పదం, క్రమం మూడింటిలోనూ స్వరం తప్పకుండా చెప్పగలరు. అయినా గోకుకొనడమనే అర్థం ఆ పదంలో ఉన్నదని, అది తన చేతికి సంబంధించిన మాటయని అంతకు మునుపు ఒక్కనాడూ తోచలేదు. అధ్యయనం వేరు, అర్థజ్ఞానం వేరు అని పెద్దలు అనేది ఇందుకే.

పారాయణ పూర్తిచేసి ఆయన ఆ పదాన్ని విచారించుకున్నారు. విషాణమంటే కొమ్ము. కృష్ణవిషాణ అంటే కృష్ణమృగం కొమ్ము, అనగా మెలి తిరిగి, వలయాలు వలయాలుగా ఉండే కృష్ణజింక శృంగం. సోమయాగంలో దీక్ష తీసుకున్న యజమానుడు దానిని వస్త్రం అంచున కట్టుకొంటాడు. మూడు వళులో, ఐదు వళులో గలదై ఉండాలని కల్పసూత్రకారుల నియమం. దాని ముఖ్యోపయోగం కండూయనం. దీక్షితునికి శరీరంలో ఎక్కడైనా దురద పుడితే దానితోనే గోకుకొనాలి. అందుచేత దానికి కండూయని అనే వ్యవహారం కూడా ఏర్పడింది. కండూ శబ్దం పాణినీయంలో ఒక గణానికే ఆది. కండ్వాదుల మీద యక్ ప్రత్యయం వచ్చి కండూయతి అనే క్రియ సిద్ధిస్తుంది. దానిపై కరణార్థంలో ల్యుట్, స్త్రీలింగంలో ఙీప్ చేరగా, దేనిచేత గోకుకొంటారో అది కండూయని. మన తెలుగులో దురద, తీట, దూల అంటాము. ఒళ్ళంతా దూల పుట్టించే దూలగొండి తీగకు అమరకోశం ఇచ్చిన పర్యాయపదాలలో కండూరా ఒకటి.

పదం తెలిసింది. అయితే శ్రుతి ఇంత చిన్న విషయాన్ని ఎందుకు పట్టించుకున్నది? స్వర్గకాముడైన యజమానుడు, పదహారుమంది ఋత్విక్కులు, సోమాహరణం, సవనత్రయం, ఇంత మహత్తర క్రతువు మధ్య ఒక మనిషి ఒళ్ళు గోకుకొనే సాధనానికి మంత్రం, అర్థవాదం, విసర్జన విధి ఎందుకు? ఈ ప్రశ్నతో ఆయన తమకు వేదం చెప్పిన గురువుగారి ఇంటికి బయలుదేరారు.

కోనసీమ అగ్రహారాలలో శ్రౌతాగ్నులు తరతరాలుగా నిలిచిన సంగతి లోకవిదితం. ఆ గురువుగారు అట్టి వంశంలోని వారు, ఎనభైతొమ్మిదేళ్ళ వృద్ధులు. చూపు మందగించింది, స్వరం మందగించలేదు. అరుగు మీద కూర్చొని ఉన్నారు. శిష్యుడు సాష్టాంగపడి ప్రవర చెప్పుకొని లేవగానే, ఆశీర్వదించడానికి చేయి పట్టుకున్నారు. గరుకుదేలిన చర్మం వ్రేళ్ళకు తగిలింది. ఏమీ అడగలేదు, చేయి వదలనూ లేదు.

"గురువుగారూ, కృష్ణవిషాణ ఎందుకండీ?" అని శిష్యుడు అడిగారు.

"గోకుకోవడానికిరా" అన్నారు గురువుగారు. తరువాత నవ్వి, "కూర్చో. దీక్షితుడు ఎట్లా ఉంటాడో ముందు అది చెప్పు" అన్నారు.

శిష్యుడు చెప్పసాగారు. కేశశ్మశ్రు వపనం చేయించుకొని, గోళ్ళు తీయించుకొని, స్నానం చేస్తాడు. నూతన వస్త్రం ధరిస్తాడు. ఒంటికి నవనీతం అలదుకొంటాడు. కృష్ణాజినం మీద కూర్చుంటాడు. నడుమున ముంజమేఖల. ప్రాచీనవంశ శాలను విడిచి తిరుగరాదు. అవభృథం వరకు స్నానం లేదు. బ్రాహ్మణునికి పాలే వ్రతాహారం. పిడికిళ్ళు ముడిచి, వాక్కును నియమించి ఉంటాడు.

"వెన్న రాసుకొని, స్నానం లేకుండా, చర్మం మీద కూర్చొని, గడ్డి మొలత్రాడు కట్టుకొన్నవాడికి దురద పుట్టకుండా ఉంటుందా?" అన్నారు గురువుగారు. "పుడుతుంది. శ్రుతికి ఆ సంగతి తెలుసు. పుట్టకూడదని చెప్పలేదు, పుడితే ఏం చెయ్యాలో చెప్పింది. ఇంతకూ ఆ దీక్షితుడు ఎవరు?"

"గర్భస్థ శిశువండీ."

దీక్షాప్రకరణానికి ప్రాణం ఈ భావన. దీక్షతో యజమానుడు మరల గర్భంలో ప్రవేశిస్తున్నాడని బ్రాహ్మణ గ్రంథాల నిరూపణం. శాల అతనికి గర్భాశయం. వస్త్రం శిశువును కప్పే ఉల్బం, కృష్ణాజినం దాని వెలుపలి జరాయువు అని ఐతరేయం వివరిస్తుంది. గర్భంలోని శిశువు పిడికిళ్ళు ముడుచుకొని ఉంటుంది కనుక దీక్షితుడూ ముడుచుకొంటాడు. ఇక శతపథ బ్రాహ్మణం కండూయన విషయంలో చెప్పే కారణం వింటే తల్లి మాట విన్నట్టుంటుంది. కర్రతోనో గోటితోనో గోకరాదు, ఎందుకంటే గర్భాన్ని కర్రతో గాని గోటితో గాని గీరితే శిశువుకు హాని కలుగుతుంది. కృష్ణవిషాణ అతనికి స్వయోని, తాను పుట్టబోయే చోటు. తన జన్మస్థానం తనను హింసించదు. అందుచేత దానితోనే గోకుకొనాలి.

కొమ్ముకు ఆ యోనిత్వం ఎట్లా వచ్చిందో తైత్తిరీయం ఒక ఆఖ్యాయికతో చెబుతుంది. యజ్ఞపురుషుడు దక్షిణను కామించి ఆమెతో కూడాడు. వారికి పుట్టబోయేవాడు సర్వమూ తానే అవుతాడని గ్రహించిన ఇంద్రుడు, తానే ఆ గర్భంలో ప్రవేశించి జన్మించాడు. తరువాత మరొకడు పుడితే తనకు సాటి అవుతాడని తలచి, ఆ జన్మస్థానాన్ని వేరుచేసి మృగములలో ఉంచాడు. అదే కృష్ణవిషాణ అయింది. అందుకే యజమానుడు దానిని చేతబూనేటప్పుడు చెప్పే మంత్రం దానిని ఇంద్రుని యోనిగా సంబోధించి, నన్ను హింసింపకుమని వేడుకొంటుంది. ఆ మంత్రంలోనే మంచి పైరును గూర్చిన, ఓషధుల మంచి ఫలాలను గూర్చిన మాటలూ ఉన్నాయి. ఒకని ఒంటి దురదను తీర్చే సాధనం నోట లోకానికంతటికీ పంట పలికించింది శ్రుతి.

"ఇంకా ఏమన్నది అక్కడ? చేతితో గోకుకొంటే ఏమవుతుంది?"

"ప్రజలు పామవ్యాధి పీడితులవుతారని ఉందండీ. ప్రజల రక్షణ కొరకే కృష్ణవిషాణతో గోకుకొంటాడని."

ఆ మాట చెబుతూ శిష్యుని కంఠం తగ్గింది. గురువుగారు గమనించారు. "ఏమిటి, తలవంచుకొన్నావు? నీ చేతి దురద ఊరికి అంటుతుందని శ్రుతి అన్నదనుకొంటున్నావా?" అని అడిగారు.

శిష్యుడు ఇక దాచలేకపోయారు. పసిపిల్ల మాట, తీర్థం విషయంలో జనుల సందేహం, పూర్వజన్మ పాపమనే శంక, అర్చకత్వం వదులుకోవాలనే నిశ్చయం అన్నీ చెప్పారు. గురువుగారు చివరివరకు విని ఒక్క మాట అడిగారు. "వైద్యునికి చూపించావా?" లేదన్న సమాధానం విని కొంతసేపు మౌనంగా ఉన్నారు. పిమ్మట మీమాంస పాఠం చెప్పే కంఠంతో ఆరంభించారు.

"వడ్లను రోకలితో దంచాలని విధి ఉంది కదా. బియ్యం రావడానికి దంచడమొక్కటే ఉపాయమా?"

"కాదండీ. గోళ్ళతో ఒలిచినా వస్తాయి. ఆ పక్షాన్ని వారించి దంపుడునే నియమిస్తుంది కనుక అది నియమవిధి."

"ఊక పోవాలన్న అవసరం విధి కంటే ముందే ఉంది. విధి వచ్చి ఉపాయాన్ని నిర్ణయించింది, అంతే. ఇక్కడ కూడా అదే. దురద రాగప్రాప్తం, దేహధర్మం. గోకుకొనాలనే కోరిక విధి వల్ల పుట్టింది కాదు, నిషేధం వల్ల పోయేది కాదు. శ్రుతి ఆ కోరికను నిందించలేదు. గోరు వద్దు, కొమ్ము తీసుకో అన్నది. అక్కడా గోరే, ఇక్కడా గోరే, చూశావా? గోరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆలోచించే లోపల పని కానిచ్చేస్తుంది. కొమ్ము అట్లా కాదు. అంచున ముడి వేసి ఉంటుంది. దానిని చేత పట్టాలి, మంత్రం చెప్పాలి, అప్పుడు గోకుకొనాలి. ఆ కాస్త వ్యవధిలో దీక్షితునికి తానెవడో జ్ఞాపకం వస్తుంది."

ఆ మంత్ర విషయంలోనూ మీమాంసకులు ఒక విచారం చేశారని గురువుగారు జ్ఞాపకం చేశారు. ఏకకాలంలో అనేక అవయవాలలో దురద పుడితే ప్రతి అవయవానికి మంత్రం ఆవృత్తి చేయాలా, ఒకసారి చాలునా అని జైమినీయం ఏకాదశాధ్యాయంలో ప్రశ్న. ఒకసారి చాలునని సిద్ధాంతం. ఒళ్ళంతా దురద పెడుతున్నవాణ్ణి, అవయవానికొక మంత్రం చెప్పుకొంటూ కూర్చోమని శాస్త్రం నిర్బంధించలేదు.

"దీక్షితుని నియమాలన్నీ ఇట్లాగే ఉంటాయిరా" అని ఆయన కొనసాగించారు. "నవ్వు వస్తే నవ్వవద్దనలేదు, నోరు కప్పుకొని నవ్వమన్నారు. మాట్లాడవలసివస్తే మాట్లాడవద్దనలేదు. బ్రాహ్మణుణ్ణి పిలిస్తే పేరు చివర చనసిత అని, క్షత్రియ వైశ్యులను పిలిస్తే విచక్షణ అని చేర్చి పిలువుమన్నారు. చేతి దురదకు కొమ్ము ఎటువంటిదో నోటి దురదకు ఆ మాటలు అటువంటివి. ఆ పదం చేర్చాలని జ్ఞాపకం ఉన్నవాడు నోటికి వచ్చినట్టు మాట్లాడలేడు."

శిష్యునికి ఒక సందేహం మిగిలింది. శ్రీమద్భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు నృసింహుని స్తుతిస్తూ, విషయసుఖాన్ని దురద గోకుకొనడంతో పోల్చాడు. గోకిన కొలది దుఃఖమే పెరుగుతుంది, ధీరుడు కామాన్ని దురదను సహించినట్టే సహిస్తాడు అని ఆ శ్లోక తాత్పర్యం. మరి అక్కడ సహనం, ఇక్కడ సాధనం ఎట్లా పొసగుతాయి?

"ప్రహ్లాదుడు చెప్పింది తృప్తి లేని గోకుడును గురించి" అన్నారు గురువుగారు. "చేతులు రెండూ ఒరుసుకొంటున్న కొద్దీ మంట పెరుగుతుంది. ఆ సంగతి నీ దుప్పటిని అడిగితే చెబుతుంది. సహించగలిగినంత సహించవలసిందే. కాని సహించలేని క్షణం వస్తుందని ఒప్పుకొని, ఆ క్షణానికి ఒక సాధనం ముందే అంచున కట్టిపెట్టింది శ్రుతి. ఆ సాధనం లేనివాడు పగలంతా సహించి, రాత్రి నిద్రలో గోళ్ళతో రక్కుకొంటాడు. నువ్వు చేస్తున్నది సహనం అనుకొంటున్నావు. దాచుకోవడం సహనం కాదురా నాయనా."

శిష్యుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ వంశంలో జరిగిన సోమయాగంలోని కృష్ణవిషాణ ఇంటిలో ఉంటే ఒకసారి చూడాలని ఉందని అడిగారు. గురువుగారు తల అడ్డంగా ఊపారు.

"లేదు, ఉండకూడదు. మా నాన్నగారు అగ్నిష్టోమం చేసినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఐదు రోజులూ ఆయన అంచున ఉన్న ఆ కొమ్మునే చూస్తూ ఉండేవాణ్ణి. యాగం అయ్యాక నాకిస్తారనుకున్నాను. సుత్యాదినం మాధ్యందిన సవనంలో దక్షిణలు నడిపించిన తరువాత, ఆయన దానిని తీసుకువెళ్ళి చాత్వాలంలో వేసేశారు. నేను ఏడ్చాను. దాని పని అయిపోయిందిరా అన్నారు."

చాత్వాలమంటే మహావేదికి ఉత్తరభాగాన త్రవ్విన గొయ్యి. ఉత్తరవేదికి కావలసిన మట్టి అందులోనుండే తీస్తారు. అది యజ్ఞానికి యోని అని, కృష్ణవిషాణయూ యోని అని, యోనిని యోనిలోనే ఉంచుతున్నాడని శ్రుతి సమన్వయం. దక్షిణలు ఇవ్వక మునుపు దానిని విడువరాదని కూడా అక్కడే హెచ్చరిక ఉంది. మీమాంసకులు ఈ ప్రాసనాన్ని చతుర్థాధ్యాయంలో విచారించి, ఇది ప్రతిపత్తికర్మ అని నిర్ణయించారు. ఉపయోగం తీరిన ద్రవ్యాన్ని యథోచిత స్థానంలో చేర్చడం ప్రతిపత్తి. దీక్షితుని దండం సంగతి వేరు. దానిని మైత్రావరుణునికి ఇస్తారు. అతనికి ఇంకా దానితో పని ఉంది కనుక ఆ దానం అర్థకర్మ. కొమ్ముకు కండూయనంతో పని ముగిసింది కనుక దానిది ప్రతిపత్తి. నిత్యం నిర్మాల్యం తీసి చండేశ్వరునికి సమర్పించే అర్చకునికి ఈ భేదం వేరుగా వివరించనక్కరలేదు. నిన్నటి పువ్వు నిన్న స్వామి శిరస్సు మీద ఉన్నదే, నేడు దాని చోటు వేరు.

"సాధనాన్ని పట్టుకోవడం తెలియాలి, వదలడమూ తెలియాలి" అన్నారు గురువుగారు. "ముందే వదిలితే హాని. పని అయ్యాక పట్టుకు వేలాడితే మోహం. నువ్విప్పుడు అర్చకత్వం వదులుతానంటున్నావు. నీ దక్షిణల వేళ వచ్చిందా?"

శిష్యుడు సమాధానం చెప్పలేదు. కంట నీరు తిరిగింది. సెలవు తీసుకొని లేచేటప్పుడు గురువుగారు మరల ఆ చేతినే పట్టుకొని, "రేపే వెళ్ళు" అన్నారు.

మరునాడు ఆయన వైద్యుని దర్శించారు. వైద్యుడు చేతులు త్రిప్పి చూసి, నిరంతరం తడిలో ఉండడంవల్ల చర్మం పాడైందని, వ్రేళ్ళ సందులలో శిలీంధ్రం చేరిందని చెప్పి రక్తపరీక్ష చేయించాడు. మధుమేహం బయటపడింది. అది ఎంతకాలంగా ఉన్నదో ఎవరూ ఎరుగరు. ఇంకా కొంతకాలం దాచుకొని ఉంటే పాదాలకూ, కన్నులకూ చేటు వచ్చేదని వైద్యుడు మందలించాడు. మాత్రలు, లేపనం వ్రాసి ఇచ్చి చివరగా, "గోళ్ళతో మాత్రం గోకకండి పంతులుగారూ, పుండుపడుతుంది. గోళ్ళు కురచగా తీసెయ్యండి. మరీ ఆగకపోతే చల్లటి తడిబట్ట వేసి అదిమి పట్టుకోండి, తరువాత పొడిగా తుడుచుకోండి" అన్నాడు. అర్చకులకు నవ్వు వచ్చింది. నోరు కప్పుకొన్నారు.

ఇందుచేత వేదం చర్మవైద్యాన్ని ముందే చెప్పిందని వాదించనక్కరలేదు. శ్రుతి ప్రయోజనం వేరు, వైద్యశాస్త్ర ప్రయోజనం వేరు. దీక్షితుని కొమ్ము ఒక అదృష్టార్థమైన నియమంలో భాగం, అర్చకుని తడిబట్ట దృష్టఫలం కొరకు. కాని దేహం తన ధర్మాన్ని తాను నెరవేరుస్తుందని, అందుకు దేహిని నిందించక ఒక ఉపాయం చేతికి ఇవ్వాలని రెండూ అంగీకరించాయి. ఆ అంగీకారమే ఆయనకు ఆనాడు కావలసి వచ్చింది.

కార్తికమాసం ముగిసిన దినాన ఆయన ఇంటిలో చెప్పదలచిన మాట మరొక రూపంలో చెప్పారు. చేతులు నయమయ్యేవరకు అభిషేకం కుమారుడు చేస్తాడు, మంత్రభాగం తాము చెబుతారు, ఆ తరువాత ఎప్పటివలె. తీర్థం విషయంలో సందేహించినవారికి తామే వ్యాధి ఇదని, చికిత్స జరుగుతున్నదని, అంతవరకు తీర్థం కుమారుని చేతిమీదుగా పుచ్చుకొనవచ్చునని ఆలయ మంటపంలో అందరి ఎదుట చెప్పారు. ప్రజల రక్షణ కొరకు అన్న శ్రుతివాక్యానికి తమవరకు అర్థం అదే అని భావించారు. దాచినంతకాలం మెలిపెట్టిన సిగ్గు చెప్పిన తరువాత లేదు. ఊరివారు కూడా మరేమీ అనలేదు. ఆ సందేహం మొదట లేవదీసిన గృహస్థే, మధుమేహానికి తాను పాటిస్తున్న పథ్యం ఏమిటో వచ్చి చెప్పిపోయాడు.

మాఘమాసానికి చర్మం మునుపటివలె అయింది. మహాశివరాత్రి నాడు లింగోద్భవకాలాభిషేకం ఆయన చేతిమీదుగానే జరిగింది. గర్భగృహ ద్వారం ప్రక్క చిలుకకొయ్యకు ఒక పొడి నూలువస్త్రం వ్రేలాడుతున్నది. ప్రతి అభిషేకం తరువాత చేతులు దానితో తుడుచుకొనడం ఇప్పటికీ ఆయనకు నియమం. కుమారుడు ఒకసారి, "నాన్నగారూ, ఆ గుడ్డ చిరిగిపోయింది, పారేసి కొత్తది పెట్టనా?" అని అడిగాడు. ఆయన ఒక క్షణం ఆలోచించి, "దాని పని అయిపోయింది కదా, పెట్టు" అన్నారు.

సాధకులు తమ దేహంలోనో మనస్సులోనో పుట్టే దురదలకు సిగ్గుపడి దీక్షనే వదలుకోబోయే సందర్భాలు అనేకం వస్తాయి. జపంలో కూర్చున్నవానికి మనస్సు పరుగెత్తుతుంది, ఉపవసించినవానికి ఆకలి వేస్తుంది, మౌనవ్రతునికి మాట నాలుక చివర ఆడుతుంది. అట్టివేళ ఇంత మహాక్రతువులో, అంత పవిత్రుడైన దీక్షితుని అంచున శ్రుతిమాత ఒక కొమ్ము కట్టి పంపిందని స్మరించుకొనడం మేలు. బిడ్డకు దురద పుడుతుందని ఆమెకు ముందే తెలుసు.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.